కుర్చీలోంచి రాసిన ఇరవై

గవర్నర్‌పేట, విజయవాడ
జూలై 9

పెద్దమ్మా,

నీకు నమస్కారం, నీ చెవి మిషన్‌కి శ్రద్ధాంజలి. ఫోన్ చేస్తే "ఎవరూ? ఏ ఊరూ?" అని మూడుసార్లు అడిగి పెట్టేశావు. మిషన్ బీరువాలో దాచావని మీ పక్కింటి ఏసుపాదం గారు చెప్పారు. అది నగ కాదు, పెట్టుకోవాలి. సరే, ఇక నీకూ నాకూ ఉత్తరాలే గతి. పోస్టాఫీసుకి వెళ్ళి కవర్లు కొనుక్కొచ్చానని హాస్టల్లో అందరూ నన్ను వింతగా చూస్తున్నారు.

ఇక్కడ నాకు వార్డు మార్చారు. ఆపరేషన్లయిన వాళ్ళ వార్డు, పద్నాలుగు మంచాలు, పగలు ఇద్దరం స్టాఫ్ నర్సులం. కాళ్ళు పీకుతున్నాయి గానీ పని నచ్చింది.

పోయిన వారం ఒక పేషెంట్ పోయాడు. మంగళగిరి నుంచి వచ్చిన నేతగాడు, వీరభద్రయ్య గారని, యాభై ఎనిమిదేళ్ళు. పేగు మెలిపడితే కొంత కోసేసి, మిగతాది కలిపి కుట్టారు. మూడో రోజు దాకా బాగానే ఉన్నాడు. నోటితో ఏమీ ఇవ్వొద్దని పదిసార్లు చెప్పాం. అయినా ఆయన భార్య రాఘవమ్మ గారు మూడో రోజు మధ్యాహ్నం మాకు తెలియకుండా రెండు గుటకలు టీ పట్టింది. సాయంత్రానికి ఉన్నట్టుండి ఎగశ్వాస, బీపీ పడిపోయింది, ఐసీయూకి తీసుకెళ్ళాం. రెండు రోజులకి పోయాడు. నా షిఫ్టులోనే జరిగింది కాబట్టి అందరూ నన్ను ఓదార్చారు. చార్ట్ అంతా సక్రమంగానే ఉంది.

అన్నం సరిగ్గా దిగడం లేదు, అంతే. ఉన్నట్టుండి అలా అవుతుందా పెద్దమ్మా? ముప్పై నాలుగేళ్ళు చేశావు కదా. అవుతుందనే రాయి.

నీ జ్యోతి


చల్లపల్లి
జూలై 16

జ్యోతీ,

చెవి నాది, బీరువా నాది, మధ్యలో నీకేం బాధ? ఆ మిషన్ పెట్టుకుంటే ఊళ్ళో కుక్కలన్నీ నా బుర్రలోకొచ్చి మొరుగుతాయి.

అవుతుందనే రాయమన్నావు. రాయను. మంచం మీద ఉన్న మనిషికి ఉన్నట్టుండి ఏదీ అవదే. మనం ఉన్నట్టుండి చూస్తాం, అంతే. లోపల కుట్టు వదిలితే ఒళ్ళు గంటల ముందు నుంచీ మొత్తుకుంటుంది. ఇక టీ అంటావా, పేగు కుట్టిన మొగుళ్ళకి చాటుగా నీళ్ళో టీయో పట్టిన ఆడవాళ్ళని నా సర్వీసులో వందమందిని తిట్టి ఉంటాను. తప్పే, కాదనను. కానీ రెండు గుటకలకి సాయంత్రానికల్లా కూలిపోయినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

"చార్ట్ సక్రమంగానే ఉంది" అని రాశావు చూడు, నా కన్ను అక్కడ ఆగింది. నేను నిన్ను చార్ట్ గురించి అడగలేదు. ఆ రోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పల్స్ ఎంత, జ్వరం ఎంత, బీపీ ఎంత, ఊపిరి ఎంత, ఏ గంటకి ఏదో వరసగా రాసి పంపు. కథలొద్దు.

దోసావకాయ పంపుతున్నాను. అన్నం దిగకపోతే అదైనా నాలిక్కి రాసుకో.

సుబ్బరత్నం పెద్దమ్మ


గవర్నర్‌పేట, విజయవాడ
జూలై 25

పెద్దమ్మా,

రిటైరై తొమ్మిదేళ్ళయినా నువ్వింకా హెడ్ సిస్టర్‌వే. సరే మేడమ్, రిపోర్ట్ చిత్తగించండి.

పది గంటలకి పల్స్ 104, జ్వరం 100, ఊపిరి 20. రెండింటికి పల్స్ 112, జ్వరం 101, ఊపిరి 20. ఆరింటికి పల్స్ 118, జ్వరం 101.4, ఊపిరి 20. బీపీ మూడుసార్లూ బాగుంది. చాలా?

మీ రోజుల్లో లేని స్కోరు కాగితం ఒకటి ఇప్పుడు మాకుంది. ఒక్కో అంకెకి ఇన్ని మార్కులని ఉంటుంది. అన్నీ కూడితే ఐదు వస్తే డాక్టర్‌ని వెంటనే మంచం దగ్గరికి పిలవాలి. రెండింటికి ఆయనకి పల్స్‌కి రెండు, జ్వరానికి ఒకటి, ఊపిరికి సున్నా. మొత్తం మూడు. ఆరింటికీ మూడే. మూడు వస్తే ఎవరూ పిలవరు పెద్దమ్మా. నువ్వయినా పిలవవు. ఆ రోజు ఇద్దరు కొత్త పేషెంట్లు వచ్చారు, ఒకాయన పొట్టలోని డ్రెయిన్ గొట్టం పీకేసుకున్నాడు, నాతో ఉన్న అమ్మాయి సగం రోజు సెలవు పెట్టి వెళ్ళింది. నువ్వక్కడ కూర్చుని కోర్టు పెడితే నాకేమీ బాగా లేదు.

మొన్న రాఘవమ్మ గారు డెత్ సర్టిఫికెట్ కాగితాల కోసం వచ్చింది. వార్డు దాకా వచ్చి నా టేబుల్ ముందు నిలబడి, "నా టీ వల్లే కదమ్మా?" అని అడిగింది. గట్టిగా కూడా కాదు, బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు. నేను ఫైల్లో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

దోసావకాయ అందింది. బాగుంది.

జ్యోతి


చల్లపల్లి
జూలై 31

జ్యోతిర్మయీ,

నీ రిపోర్ట్ అందుకుని కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివాను. పల్స్ నూట నాలుగు నుంచి నూట పద్దెనిమిదికి ఎక్కింది. జ్వరం ఎక్కింది. ఊపిరి మాత్రం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇరవై దగ్గర కదలకుండా కూర్చుంది. ఒకే ఒంట్లో గుండె పరిగెడుతుంటే ఊపిరి కుర్చీ వేసుకుని కూర్చుంటుందా? కూర్చున్నది ఊపిరి కాదే, నువ్వు. దీన్ని మేం కుర్చీ లెక్క అనేవాళ్ళం.

పల్స్ మిషన్ చెబుతుంది, బీపీ మిషన్ చెబుతుంది, జ్వరం కూడా అంతే. ఊపిరి ఒక్కదానికే మనిషి కావాలి. మంచం పక్కన నిలబడి, గడియారం పట్టుకుని, రొమ్ము లేచి పడడం చూస్తూ లెక్కపెట్టాలి. నీకు జీతమిచ్చేది దానికి. అది చేయకుండా మూడుసార్లు ఇరవై వేశావు. పైగా ఆ కాగితం మూడు చెప్పింది, నేనేం చేయనని నాకే పాఠం చెబుతున్నావు. నీ ఇరవైకి సున్నా వచ్చింది గానీ ఆయన ఊపిరికి కాదు.

దానికి తోడు ఆ ఆడమనిషి ఎదురుగా వచ్చి అడిగితే ఫైల్లో తల దూర్చావు! మా కుటుంబంలో పుట్టాల్సినదానివి కాదు. వెళ్ళి నిజం చెప్పు. ముందు నాకు చెప్పు, లెక్కపెట్టావా లేదా?

సుబ్బరత్నం


గవర్నర్‌పేట, విజయవాడ
ఆగస్టు 10

పెద్దమ్మా,

లెక్కపెట్టలేదు.

పదింటికీ లేదు, రెండింటికీ లేదు, ఆరింటికీ లేదు. ఆ వార్డులో ఎవరికీ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. అందరికీ ఇరవై. కాస్త ముసలివాళ్ళయితే ఇరవై రెండు, చూడ్డానికి నిజంలా ఉండాలని.

రెండింటికి నేను ఆయన మంచం పక్కనే ఉన్నాను. పల్స్ చూసే క్లిప్ వేలికి పెడుతుంటే రాఘవమ్మ గారు, "ఈయన పొట్ట చూడమ్మా, మగ్గంలో నాడె ఆడినట్టు ఆడుతోంది" అంది. నాడె అంటే వాళ్ళు నేసేటప్పుడు ఇటూ అటూ కొట్టేది. నేను ఆమె వైపు చూశాను గానీ ఆయన పొట్ట వైపు చూడలేదు. "ఏం వీరభద్రయ్య గారూ, ఎలా ఉంది?" అన్నాను. "పర్లేదండీ" అన్నాడు. మనవాళ్ళు ప్రాణం పోతున్నా పర్లేదండీ అంటారని నాకు తెలియదా? తెలుసు. వెళ్ళి కుర్చీలో కూర్చుని ఇరవై వేశాను. ఆరున్నరకి ఐసీయూలో లెక్కపెడితే ముప్పై ఆరు. రెండింటికి ఎంత ఉందో నాకు తెలియదు, ఇక ఎవరికీ తెలియదు. ఇరవై ఐదు ఉన్నా ఊపిరికే మూడు మార్కులు పడి మొత్తం ఆరు వచ్చేది. కుట్టు ముందురోజు రాత్రే వదిలి ఉంటుందని, మధ్యాహ్నమే తెలిస్తే మళ్ళీ ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళేవాణ్ణని సర్జన్ తర్వాత ఈ చావు గురించి పెట్టిన మీటింగ్‌లో అన్నాడు. నా వైపు తిరిగి, "ఇవన్నీ లెక్కపెట్టి రాసినవేనా?" అని అడిగాడు. అవునండీ అన్నాను. వాళ్ళు సరేనని ఫైల్లో "చెప్పినా వినకుండా నోటితో ఇచ్చారు" అని రాశారు. అంటే టీ అన్నమాట.

సిగ్గుతో చచ్చిపోతున్నాను. కానీ నువ్వు తిట్టిన తిట్లలో ఒకటి మాత్రం మింగలేకపోయాను. మా కుటుంబంలో పుట్టాల్సినదానివి కాదన్నావు.

పదో తరగతి సెలవుల్లో నీ దగ్గరికి వస్తే ఒకరోజు నీతో డ్యూటీకి తీసుకెళ్ళావు. నీ టేబుల్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ముప్పై చార్టులు. టీ చల్లారేలోపు రాసేశావు. "ఇది లెక్కపెట్టలేదేం?" అని ఊపిరి కాలమ్ చూపించి అడిగాను. నువ్వు నవ్వి, "ఇది ఎవరూ అడగరే, ఇరవై వేసెయ్" అని పెన్ను నా చేతికిచ్చావు. మిగిలిన చార్టులకి నేనే వేశాను. ఎంత గర్వపడ్డానో తెలుసా? నర్సునవ్వాలని ఆ రోజే అనుకున్నాను.

కాలేజీలో లెక్కపెట్టడం నేర్పారు పెద్దమ్మా. నేను నీ దగ్గర నేర్చుకున్నదే చేశాను.

జ్యోతి


చల్లపల్లి
ఆగస్టు 27

అమ్మా జ్యోతీ,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలు దాటింది. రోజూ రాద్దామని కూర్చుని లేచాను. నువ్వు అబద్ధం రాశావేమోనని మొదట వెతికాను. అలాంటి స్టూలు మా వార్డులో లేదని కూడా నాకు నేను చెప్పుకున్నాను. ఉంది. పచ్చరంగు స్టూలు, ఒక కాలు పొట్టి.

ఆ పెన్ను నేనే ఇచ్చాను. ఆ మాట నేనే అన్నాను. నువ్వొక్కదానివే కాదు, ట్రైనింగ్‌కి వచ్చిన పిల్లలందరికీ అన్నాను. నా రిటైర్మెంట్ రోజున శాలువా కప్పి, సిస్టర్ సుబ్బరత్నం గారి చార్టుల్లో ఒక్క ఖాళీ ఉండదని మైకులో చెప్పారు. నేను తల ఊపి చప్పట్లు వింటూ కూర్చున్నాను. ఖాళీ ఉంచి ఉంటే ఎవరైనా అడిగేవాళ్ళు. నిండుగా ఉండబట్టే ఎవరూ అడగలేదు. నా ఇరవైల కింద ఎంతమంది పోయారో నేను వెనక్కి తిరిగి చూడలేదు. నీకు ఒక్క వీరభద్రయ్య గారి పేరైనా తెలుసు. నాకు ఒక్క పేరూ తెలియదు.

మొన్న ఏసుపాదానికి జలుబు చేసి మా వరండాలో పడుకుంటే, కూర్చుని లెక్కపెట్టాను. మధ్యలో తప్పిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. డెబ్భై ఏళ్ళ వయసులో, చేతకావడం లేదని ఏడుపొచ్చింది.

అంత బతుకూ అలా బతికి నిన్ను వెళ్ళి నిజం చెప్పు పో అని ఆర్డరేశాను. ఆ హక్కు నాకు లేదు. వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక్కటి మాత్రం బతిమాలుకుంటాను. ఆవిడ చేయని పాపం ఆవిడ మోస్తోంది. ఆ మోత నీదీ నాదీ. ఆవిడ నెత్తిన అలా ఉండనివ్వకు.

మిషన్ పెట్టుకుంటున్నాను. కుక్కలు మొరుగుతూనే ఉన్నాయి.

పెద్దమ్మ


గవర్నర్‌పేట, విజయవాడ
సెప్టెంబర్ 8

పెద్దమ్మా,

నిన్న ఆదివారం మంగళగిరి వెళ్ళాను. ఏం జరిగిందో రాయడానికి కూడా మొహం చెల్లడం లేదు. అయినా రాస్తాను.

వాళ్ళ ముందు గదిలోనే గుంట మగ్గం. సగం నేసిన చీర అలాగే ఉంది, మీద గుడ్డ కప్పారు. యూనిఫాం లేకపోయినా రాఘవమ్మ గారు నన్ను గుర్తుపట్టి, "నర్సమ్మగారా! రండమ్మా!" అని చాప వేసింది. చావింటికి ఆసుపత్రి నుంచి ఒక్కరైనా రావడం ఎక్కడా చూడలేదని, మంచి మనసని ఇరుగుపొరుగుని పిలిచి చెప్పింది. నేను కూర్చున్నాను.

ఆమె కొడుకు ఉమామహేశ్ కూడా నేతపనే. భార్యా పాపా ఉన్నారు గానీ ఇంట్లో వంట రాఘవమ్మ గారిదే. నేనుండగానే పొయ్యి దగ్గరికి వెళ్ళి వేరే గిన్నెలో తన అన్నం తనే వండుకుని, వీధరుగు మీద కూర్చుని తిన్నాడు. ఆమె నా పక్కకి జరిగి చెప్పింది: "నా చేత్తో పెడితే తినడమ్మా. రెండు నెలలైంది. నాన్నకి టీ పోసి పంపించేశావని ఒక్కసారి అన్నాడు, ఇక మాటల్లేవు. వాడన్నదాంట్లో తప్పేముంది?"

నేను నోరు తెరిచాను. తెరిచి, మంచినీళ్ళు అడిగాను.

వస్తుంటే వీరభద్రయ్య గారు నేసిన జాకెట్ ముక్క ఒకటి తెచ్చి కోడలి చేత ఇప్పించింది. ఆయన్ని చివర్లో చూసుకున్న చేతులట నావి. వద్దనలేదు. తీసుకున్నాను పెద్దమ్మా. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని విజయవాడ దాకా వచ్చాను. నాకంటే సిగ్గుమాలినది ఈ జిల్లాలో ఉండదు.

నిజం చెబితే ఉద్యోగం పోతుంది, కేసు పెడతారు, నర్సుగా నా పేరే కొట్టేస్తారని భయం. ఈ భయం ఆ కొడుకు గిన్నె కంటే పెద్దదేం కాదని నాకు తెలుసు. తెలిసీ నోరు రాలేదు. నువ్వు వస్తావా నాతో?

జ్యోతి


చల్లపల్లి
సెప్టెంబర్ 13

జ్యోతీ,

రాగలను. రాను. నేనొస్తే నువ్వు నా కొంగు వెనక దాక్కుంటావు, నేను పెద్దరికంతో మాట్లాడి అందరినీ ఏడిపించి వస్తాను. ఆవిడకి కావాల్సింది అది కాదు.

ఎవరు నేర్పారని అడిగితే నా పేరు చెప్పు, ఊరితో సహా. ఉద్యోగం పోతే ఇక్కడికొచ్చెయ్. ఉన్నదేదో తిందాం.

పెద్దమ్మ


గవర్నర్‌పేట, విజయవాడ
సెప్టెంబర్ 24

పెద్దమ్మా,

శుక్రవారం నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి రాసిచ్చాను. లెక్కపెట్టకుండా రాశానని, మీటింగ్‌లో అబద్ధమాడానని. ఆవిడ రెండుసార్లు చదివి తలుపు వేసింది. "ఎందుకమ్మా ఇది? అయిపోయింది కదా" అంది. అవలేదండీ అన్నాను. విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావొద్దన్నారు. మనలో ఎవరు లెక్కపెడుతున్నారే అని నాతో పనిచేసే అమ్మాయి మెట్ల మీద ఏడ్చింది.

ఆదివారం మళ్ళీ మంగళగిరి వెళ్ళాను. ఈసారి చాప మీద కూర్చోలేదు. కొడుకుని కూడా పిలవమన్నాను. అతను గుమ్మంలో నిలబడ్డాడు. నిలబడే చెప్పాను. టీ వల్ల కాదు, కుట్టు ముందురోజు రాత్రే వదిలింది, మధ్యాహ్నానికి ఆయన ఊపిరి పెరిగే ఉంటుంది, మీరు నాతో అన్నారు కూడా, నేను చూడలేదు, చూడకుండానే బాగుందని రాశాను, అందుకే డాక్టర్ రాలేదు. ఇంతే చెప్పాను. వార్డులో ఎంతమంది ఉన్నారో, నాతో ఉన్న అమ్మాయి సెలవు పెట్టిందనీ చెప్పలేదు. నోటిదాకా వచ్చింది గానీ చెప్పలేదు.

రాఘవమ్మ గారికి మొదట అర్థం కాలేదు. "మరి టీ?" అంది.

"టీ వల్ల కాదండీ."

"చూసుంటే బతికేవాడా?"

"తప్పకుండా అని చెప్పలేనండీ. బతకడానికి దారి ఉండేది."

ఆమె చాలాసేపు తన చేతుల్నే చూసుకుంది. తర్వాత, "ఆ లెక్క పెట్టడానికి ఎంతసేపు పడుతుందమ్మా?" అంది.

"ఒక నిమిషమండీ."

"ఒక్క నిమిషమా?" అంది. తిట్టలేదు పెద్దమ్మా. తిట్టి ఉంటే బాగుండేది. నిజంగానే తెలియక అడిగింది. నేను అవునని చెప్పాల్సి వచ్చింది.

ఉమామహేశ్ గుమ్మం దాటి మీదికొచ్చాడు. కొడతాడనుకున్నాను. "ఎవరు నేర్పారు మీకీ పని?" అని అరిచాడు. "మా పెద్దమ్మ. కానీ రాసింది నేను" అన్నాను. ఇదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాడు. వాళ్ళ పాప నోటుబుక్కులో రాసి, తేదీ వేసి, ఫోన్ నంబర్ కూడా రాసిచ్చాను. వాళ్ళు కేసు పెట్టొచ్చు. పెడితే నేను వెళ్ళి ఇదే చెబుతాను. అతను వాళ్ళమ్మకి దాన్ని పైకి చదివి వినిపించాడు. టీ వల్ల కాదన్న చోట ఆగిపోయాడు. ఆ ముక్క మళ్ళీ చదవమంది ఆమె. చదివాడు.

ఆమె నా వైపు తిరిగి, "ఇంక మా ఇంటికి రావద్దమ్మా" అంది. అమ్మా అనే అంది. సరేనండీ అన్నాను. జాకెట్ ముక్క తిరిగిద్దామని బ్యాగులో తీసుకెళ్ళాను. అది తీస్తే నాటకంలా ఉంటుందనిపించి తీయలేదు.

వీధిలో చెప్పులు వేసుకుంటున్నాను. ఎక్కడో రెండిళ్ళవతల మగ్గం చప్పుడు. అప్పుడు లోపల్నుంచి ఉమామహేశ్ గొంతు వినపడింది, మెల్లగా, చిన్నపిల్లాడిలా.

"అమ్మా, ఆకలేస్తోంది. అన్నం పెట్టవే."

ఆమె ఏమందో వినడానికి అక్కడ నిలబడే అర్హత నాకు లేదు. చెప్పు పట్టీ కూడా సరిగ్గా పెట్టుకోకుండా బస్టాండు వైపు నడిచేశాను.

నీ
జ్యోతిర్మయి